ఓడకు అందిన కబుర్లు

షిమిజు, జపాను
28 అక్టోబరు 1974

అక్కా,

నమస్కారాలు. నేను క్షేమం. నువ్వు అల్లిన స్వెట్టరు వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. మెడ దగ్గర బిగుతు. తల దూరుస్తుంటే చెవులు రెండూ మడతపడుతున్నాయి. అయినా ఇక్కడి చలికి అదే దిక్కు.

ఓడ ఇంజన్ల పని కొద్దికొద్దిగా వంటబడుతోంది. మా మేస్త్రీ ఒకసారి చెప్తాడు, రెండోసారి చెప్పడు. చేతిలో స్పానరు లాక్కుని తనే బిగించేస్తాడు. ఈ రెండేళ్ళ ట్రైనింగులో ఒక్క బోల్టయినా నన్ను పూర్తిగా బిగించనిస్తాడో లేదో.

ఇక్కడ ఒక వింత. మా హాస్టలు భోజనాల గదిలో టీవీ ఉంది. టీవీ అంటే రేడియోకి అద్దం పెట్టి అందులో సినిమా ఆడించినట్టు ఉంటుంది. ఆదివారం సాయంత్రం అందులో ఒక సీరియల్ వస్తోంది. మనుషులు నటించేది కాదు, బొమ్మలు గీసి వాటిని కదిలిస్తారు. మన తోలుబొమ్మలాటే అనుకో, పుల్లలూ తాళ్ళూ ఉండవు, అంతే. చిన్నపిల్లల వ్యవహారం అనుకుని వీపు తిప్పి కూర్చున్నాను. చూస్తే మా మేస్త్రీ, యాభై ఏళ్ళ మనిషి, అన్నం గిన్నె చేత్తో పట్టుకుని నోరు తెరుచుకు చూస్తున్నాడు. ఈయనకేం పట్టిందిరా బాబూ అని నేనూ ఇటు తిరిగాను. ఇక కళ్ళు తిప్పుకోలేదు.

కథేమిటంటే, ఎప్పుడో మన మునిమనవల కాలంలో సముద్రాలు ఇంకిపోతాయి. నీళ్ళు వెతకడానికి నలభై మందితో ఒక ఓడ చుక్కల్లోకి బయల్దేరుతుంది. అందులో రేడియో చూసుకునే పిల్ల పేరు కియో. వెనకాల ఒక నల్ల ఓడ తరుముతూ వస్తుంది. మొదటి వారం ఓడ, రెండో వారం రాక్షసుడు, మూడో వారం కత్తియుద్ధం, చివర పెళ్ళి, ఇంతేగా అనుకున్నాను. మూడు వారాలైంది, ఒక్కడూ కత్తి తియ్యలేదు. వాళ్ళు దాహంతో ఉండటం, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం, ఇదే కథ. మా వంటావిడ సగం మాటలు, సగం చేతులతో నాకు అర్థం చెప్తుంది.

ప్రతి వారం చివర ఇంటి నుంచి రేడియోలో కియో అక్క గొంతు వస్తుంది. “ఇక్కడ అంతా క్షేమం. నీ గది ఊడ్చి పెట్టాను. జాగ్రత్తగా రా” అంటుంది. వంటావిడ సాయం లేకుండా నాకు అర్థమయ్యే జపాను భాష ఇప్పటికి అదొక్కటే.

అక్కా, అసలు సంగతి ఇది. మంగళగిరి గుడి ఉపదేశి పుల్లయ్యగారి అమ్మాయి శౌరమ్మ విషయం నీకు తెలుసు. నేను బయల్దేరే ముందు పుల్లయ్యగారు ఒకటే మాటన్నారు. “మీ పెద్దలెవరైనా మా గుమ్మం తొక్కి ఒక మాటంటే రెండేళ్ళయినా ఆగుతాం బాబూ. అబ్బాయి నోటిమాట మీద ఆడపిల్లని కూర్చోబెట్టలేను. ఈస్టరు దాకా చూస్తాను” అన్నారు. అమ్మా నాన్నా పోయాక నాకు పెద్దదిక్కంటే నువ్వే. ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సుకాలం వచ్చేలోగా ఒక్కసారి వెళ్ళిరా. అరటిపళ్ళు తీసుకెళ్ళు, చాలు.

నీ తమ్ముడు,
అంతోని


భవానీపురం
14 నవంబరు 1974

చిరంజీవి అంతోనికి అక్క దీవెనలు.

ఒరేయ్, స్వెట్టరు బిగుతు కాదు, నీ తలకాయే పెద్దది. నీ బాప్తిస్మం నాడు అమ్మ టోపీ పట్టక గుడ్డ చుట్టి తీసుకెళ్ళింది, ఫాదరుగారు కూడా నవ్వారు.

ఇక్కడ బడి మామూలే. రెండో క్లాసుకి అరవై మందిని నా నెత్తిన పెట్టారు. నా పదమూడో కథ కూడా వారపత్రిక నుంచి తిరిగొచ్చింది. నేను పెట్టిన స్టాంపులతోనే నా ఇంటికొచ్చింది పాపం. ఎడిటరుగారి చీటీలో రెండే ముక్కలు: ‘కొత్తదనం లేదు.’ మీ బావగారు ఉన్నన్నాళ్ళూ నా కథలు విని ‘బాగుంది’ అనేవారు. ఆయన పోయాక ఆ మాట అనే నోరు కూడా లేదు.

నీ ఉత్తరం పద్మావతమ్మగారి దగ్గర చదివాను. అదే, మా సందు మొదట్లో అద్దె పుస్తకాల కొట్టు నడిపే ఆవిడ. నవలలు మార్చుకోవడానికొచ్చిన ఆడవాళ్ళు నలుగురు, పుస్తకం మాట మరిచిపోయి నిలబడిపోయారు. “తర్వాతేమైందండీ?” అని నన్ను నిలదీశారు. నా పదమూడు కథలకీ ఆ ప్రశ్న ఒక్కరూ వెయ్యలేదురా!

కాబట్టి వారం వారం రాయి. కియో ఏం కట్టుకుంటుంది? రేడియో గదికి కిటికీ ఉందా? కెప్టెన్ ముసలాడా, పడుచువాడా? అన్నీ కావాలి.

మంగళగిరి వెళ్తాను. ఆదివారం పూజ అయ్యాక బ్యారేజీ దాటితే ఊరే కదా, అదెంత పని.

అక్క


షిమిజు
16 డిసెంబరు 1974

అక్కా,

ఎడమ చేతి మీద వేడి ఆయిలు పడింది. కంగారు పడకు, కుడి చెయ్యి బాగానే ఉంది, రాత ఆగదు.

ఈ వారం ఏం జరిగిందో విను. నల్ల ఓడ వాళ్ళు పట్టుబడ్డారు. వాళ్ళ నాయకుణ్ణి గొలుసులతో లాక్కొస్తారు. మన నాటకాల్లో అయితే వాడు వికటంగా నవ్వాలి, రంకె వెయ్యాలి. వాడేం చేశాడో తెలుసా? “మా పిల్లలకి గుక్కెడు నీళ్ళిస్తారా?” అన్నాడు. తరుముతున్నది చంపడానికి కాదు, అడుక్కోవడానికి. ఇన్ని వారాలు వాణ్ణి తిట్టుకున్నందుకు నాకే సిగ్గేసింది. మా మేస్త్రీ గట్టిగా చీదుకున్నాడు. కెప్టెన్ ఉన్న నీళ్ళలో సగం వాళ్ళకి పోయించాడు. తెల్లగడ్డం, మెత్తటి మాట, మన పాత ఫాదరుగారిలా ఉంటాడు. ఈయన ఉన్నంతవరకు ఓడకి భయం లేదనిపిస్తుంది.

కియోకి కోటూ లాగూ, నడుముకి బెల్టు. కిటికీ ఉంది, గుండ్రంగా. చివర్లో అక్క గొంతు మామూలే. “ఇక్కడ అంతా క్షేమం.” ఈసారి వాళ్ళ పెరట్లో చెట్టు కాసిందని కూడా చెప్పింది.

మంగళగిరి వెళ్ళావా? వెళ్తానన్నావు, తర్వాత ఆ ఊసే లేదు. శౌరమ్మకి నేను నేరుగా రాస్తే బాగుండదు, వాళ్ళ నాన్నగారికి కోపం వస్తుంది. నీ మీదే భారం వేశాను.

అంతోని


భవానీపురం
9 జనవరి 1975

చిరంజీవి అంతోనికి,

కొత్త సంవత్సరం దీవెనలు. నల్ల ఓడ సంగతి చదివి కొట్లో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఒరే, నువ్వు రాసే పద్ధతి బాగుందిరా. పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది. నేను కూర్చి కూర్చి రాసినా ఆ తేలిక రాదు.

ఇది ఎలా అవుతుందో నేను ఇప్పుడే చెప్తాను. నీళ్ళు దొరుకుతాయి. ఓడ తిరిగొస్తుంది. కియో అక్క గట్టు మీద నిలబడి ఉంటుంది. ఇన్నాళ్ళూ ‘రా, రా’ అని పిలిచిన మనిషి కదా, ఆవిణ్ణి చూపించకుండా కథ ఎలా ముగిస్తారు? ఓడ ఇల్లు చేరకపోతే మాత్రం నాకు రాయొద్దు. అలాంటి కథ నాకక్కర్లేదు. ముందే చెప్పాను, తర్వాత నన్ననకు.

మంగళగిరికి క్రిస్మసు హడావిడిలో వీలు పడలేదు. వచ్చే ఆదివారం తప్పకుండా.

చేతికి వెన్న రాయి. రెండు వారాలకో ఉత్తరం అంటే కుదరదు, ప్రతి సోమవారం పోస్టు చెయ్యి.

అక్క


షిమిజు
3 ఫిబ్రవరి 1975

అక్కా,

రెండు వారాలు రాయలేదు. ఒంట్లో బాగాలేదు. ఇప్పుడు ఫరవాలేదు.

ఓడకి నీళ్ళ జాడ తెలిసింది. ఒక పచ్చటి గ్రహం. దాని నిండా కాలవలు. కాలవలకి లాకులు. ఓడ ఆ లాకుల్లోకి దిగితే, ముందు తలుపు మూసి, నీళ్ళు నింపి, వెనక తలుపు తెరుస్తారు. ఓడ మెల్లగా పైకి లేస్తుంది. గట్టు మీద గేదెల్లాంటివేవో ఒళ్ళు రుద్దుకుంటూ నిలబడి చూస్తుంటాయి. లాకు కాసే ముసలాడు కియోని అడుగుతాడు, “ఎవరమ్మాయివమ్మా? మీ ఇంట్లో పెద్దలెవరు?” అని. “మా అక్క” అంటుంది కియో. “అయితే ఆవిడొచ్చి అడిగితేనే నీళ్ళిస్తాను. ఆడపిల్ల మాట మీద ఇవ్వలేను” అంటాడు.

ఇక్కడితో ఈ వారం అయిపోయింది.

విభూతి బుధవారం పన్నెండో తేదీన, ఆ రోజుతో తపస్సుకాలం మొదలు. ఈ ఉత్తరం అందేసరికి అది దాటిపోతుంది. అక్కా, నువ్వు వెళ్ళే ఉంటావు. వెళ్ళకపోతే మాత్రం ఈ ఉత్తరం మడిచిపెట్టి బస్సెక్కు. బతిమాలుతున్నాను.

అంతోని


భవానీపురం
20 ఫిబ్రవరి 1975

చిరంజీవి అంతోనికి దీవెనలు.

గుణదల తిరునాళ్ళ నుంచి ఇంకా కాళ్ళ నొప్పులు తగ్గలేదు. ఈ ఏడు జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. కొండ మీద నీ పేరు చెప్పి కొవ్వొత్తి వెలిగించాను.

మంగళగిరి వెళ్ళొచ్చాను. పుల్లయ్యగారు నాకు కుర్చీ వేయించారు. గోడ మీద మరియమాత పటానికి కొత్త కాగితంపూల దండ. శౌరమ్మ ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చి గడప దగ్గర ఆగిపోయింది. తల ఎత్తకుండానే “జపానులో మన అన్నం దొరుకుతుందాండీ?” అంది. నాకు నవ్వొచ్చింది. పుల్లయ్యగారు ఆగుతామన్నారు. “మీరొచ్చారు, అంతే చాలు” అన్నారు. నువ్వు నిశ్చింతగా ఉండు.

జపాను వాళ్ళకి మన లాకులు ఎలా తెలుసురా? గేదెలతో సహా దించేశారు! పద్మావతమ్మగారు ఆశ్చర్యపోయింది. ఇది మొదటి వారాలకంటే బాగుంది. తొందరగా రాయి. సోమవారం పోస్టు చేస్తే ఆ పై బుధవారానికి నా చేతిలో ఉంటుంది. బుధవారం దాటనివ్వకు.

అక్క


షిమిజు
10 మార్చి 1975

అక్కా,

నీ ఉత్తరం మడత దగ్గర చిరిగిపోయేదాకా చదివాను. ఆ గడప దగ్గర ఆగిపోవడం శౌరమ్మ పద్ధతే. నువ్వు రాసేసరికి ఎదురుగా చూసినట్టుంది. నీ రుణం ఎలా తీర్చుకోను? అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. చెయ్యి కాలితే ఊదింది నువ్వు, పరీక్ష తప్పితే హెడ్మాస్టరుతో పోట్లాడింది నువ్వు. ఇప్పుడు ఇదీ నువ్వే చేశావు.

నా ఉత్తరం కోసం బుధవారం బుధవారం ఎదురుచూసే మనిషి ఒకరున్నారంటే ఈ చలి చలి కాదు. పనిలో ఉన్నా ఇదే ధ్యాస, ఈ వారం అక్కకేం రాయాలి అని. మొన్న మేస్త్రీ ఒక బోల్టు చివరిదాకా నన్నే బిగించనిచ్చాడు తెలుసా!

కాగితాలు ఎనిమిది అయ్యాయి, తపాలా బరువు ఎక్కువైంది. లాకు ముసలాడి కథంతా విడిగా రాసి లోపల పెట్టాను. తీరిగ్గా చదువుకో.

అంతోని


భవానీపురం
7 మే 1975

అంతోనీ,

ఈ వారం ఉత్తరం రాలేదు. పోస్టుమాన్ సంచీ గుమ్మంలో బోర్లించి వెతికించాను, ఆయన చిరాకు పడ్డాడు. ఏమైందిరా? ఓడని తుఫానులో వదిలేసి నువ్వు చల్లగా కూర్చుంటే ఇక్కడ మేమేం కావాలి? ముందు అది రాసి పంపు.

ఎండలు మండిపోతున్నాయి, కృష్ణలో నీళ్ళు లేవు. శౌరమ్మ బాగుంది. నిన్ను అడిగానని చెప్పమంది.

తొందరలో,
అక్క


షిమిజు
21 జులై 1975

అమలమ్మగారికి,

క్రిందటి బుధవారం విశాఖపట్నం నుంచి ఒక సరుకుల ఓడ రిపేరుకు వచ్చింది. అందులో రేడియో ఆఫీసరు వెంకటకృష్ణారావుగారిది కూచిపూడి. తెలుగు మాట విని ఎన్నాళ్ళైందోనని నన్ను తన గదికి తీసుకెళ్ళి, వాళ్ళావిడ కట్టిచ్చిన గోంగూర పచ్చడి పెట్టారు. “చదువుకోవడానికి ఇవి పట్టుకెళ్ళు తమ్ముడూ, మా ఆవిడ ఈ సీరియల్ అంటే పడిచస్తుంది” అని వారపత్రికలు ఓ పాతిక ఇచ్చారు.

‘నీటి ఓడ. రచన: అమల.’

మొదట ఏమైందో చెప్తాను, నువ్వు నమ్మకపోయినా సరే. నేను ఎగిరి గంతేశాను. మా అక్క పేరు అచ్చులో ఉందని ఆయన్ని కావలించుకున్నాను. పదమూడు కథలు తిప్పికొట్టిన వాళ్ళు చివరికి వేశారు కదా అని కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. తర్వాత చదివాను. కియోకి వేణి అని పేరు పెట్టావు. మిగతాదంతా నా ఉత్తరమే. ఒత్తులు, దీర్ఘాలతో సహా నా మాటలే. జనవరి నుంచి! ప్రతి శుక్రవారం పత్రిక వస్తుందట కదా. బుధవారం ఎందుకో అప్పుడు అర్థమైంది.

అదైనా మింగేసేవాణ్ణి. అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి, పేరు నీదే పెట్టుకోమనేవాణ్ణి. ఆ సంగతి ఇంతటితో సరి.

రెండోది ఇది. పుల్లయ్యగారు ఒప్పుకున్నారుగా అని ధైర్యం చేసి జూన్‌లో శౌరమ్మకి నేను ఒక ఉత్తరం రాశాను. మా అక్కకి నువ్వు ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చావట అని రాశాను. దానికి జవాబు వచ్చింది. ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

‘అంతోని గారికి, ఏప్రిల్ 23న నా పెళ్ళయింది. గుడిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటనలు చదివారు. ఎవరైనా వస్తారేమోనని మూడు ఆదివారాలూ నేను వెనక్కి తిరిగి చూశాను. ఈస్టరు దాకా మీ తరపున ఎవరూ మా గుమ్మం తొక్కలేదు. మా ఇంట్లో ఇత్తడి గ్లాసులు లేవు. మే నెల మొదటి ఆదివారం మీ అక్కగారు అరటిపళ్ళతో వచ్చారు. పెళ్ళి పందిరి ఆకులు అప్పటికే ఎండి ఉన్నాయి. నాన్న సంగతి చెప్పారు. ఆమె మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మీకు చెప్పి ఉంటారనుకున్నాను. ఇక రాయకండి. శౌరమ్మ.’

మే మొదటి ఆదివారం అంటే నాలుగో తేదీ. ఏడో తేదీన నువ్వు నాకు రాశావు. ‘శౌరమ్మ బాగుంది. నిన్ను అడిగానని చెప్పమంది.’ పందిరి చూసొచ్చిన మూడో రోజున ఆ చేత్తో ఎలా రాశావు అక్కా? వెతికి వెతికి నాకు ఆ కుర్చీ, ఆ కాగితంపూలు, ఆ గడప తయారుచేసి పంపావు. నీ పదమూడు కథల్లో కొత్తదనం లేదన్న ఎడిటరు ఇది చూడలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. టీవీ కథ నువ్వనుకున్నట్టు జరగలేదు. జనవరి 19న, పదిహేనో వారం, కియో ఏదో పని మీద కెప్టెన్ గదిలోకి వెళ్తుంది. బల్ల సొరుగులో కాగితాల కట్ట. ‘ఇక్కడ అంతా క్షేమం. నీ గది ఊడ్చి పెట్టాను.’ ‘ఇక్కడ అంతా క్షేమం. చెట్టు కాసింది.’ అన్నీ కెప్టెన్ చేతిరాత. ముందు ముందు రాబోయే రెండేళ్ళకీ తేదీలు వేసి ఉన్నాయి. ఓడ బయల్దేరిన నెలకే ఇల్లూ లేదు, ఊరూ లేదు, అక్కా లేదు. ఓడ ఆగిపోకూడదని ఆయన ఆవిడ గొంతుని యంత్రంలో పెట్టి పలికిస్తున్నాడు. ఆ తెల్లగడ్డం ఆయన! మా మేస్త్రీ గిన్నె కింద పెట్టేశాడు. నాకైతే ఆ టీవీ అద్దం పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. పద్నాలుగు వారాలుగా మమ్మల్ని కూర్చోబెట్టి చేసే మోసమా ఇది? అప్పుడు ఒంట్లో బాగాలేదని రాసింది అబద్ధం. రెండు వారాలు నీకేం రాయాలో తెలియలేదు.

ఓడ ఇల్లు చేరకపోతే రాయొద్దన్నావు. అందుకని రాయలేదు. ఫిబ్రవరి నుంచి నీకు పంపిందంతా నేను అల్లింది. ఆ లాకులు మనవే, ఆ గేదెలు మనవే, ఆ ముసలాడు పుల్లయ్యగారే. ప్రతి సోమవారం పోస్టు డబ్బాలో వేస్తూ, నేనూ ఆ కెప్టెన్‌లా తయారయ్యానే, మా అక్కని మోసం చేస్తున్నానే అని సిగ్గుపడేవాణ్ణి.

ఇప్పుడు సిగ్గు లేదు. ఆ కెప్టెన్ నువ్వు.

అంతోని


భవానీపురం
6 ఆగస్టు 1975

అంతోనీ,

దీవెనలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిజం చెప్తాను. జనవరిలో నీ మొదటి ఉత్తరాలు తెల్లకాగితాల మీద మళ్ళీ రాసుకుని ఎడిటరుగారి దగ్గరికి వెళ్ళాను. ఊరికే చూపిద్దామనే. ఆయన నిలబడే చదివి, కూర్చుని మళ్ళీ చదివి, “ఏమ్మా, ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచావు?” అన్నారు. నాకు నలభై ఏళ్ళురా. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. నాది కాదని చెప్పవలసింది, చెప్పలేదు. జపాను వాళ్ళ కథ, ఎక్కడో టీవీలో వచ్చేది, మనవాళ్ళు చూడొచ్చారా అనుకున్నాను. దొంగిలిస్తే జపాను వాణ్ణి దొంగిలించాననుకున్నాను గాని నిన్ను కాదు. నువ్వు అల్లుతున్నావని నాకేం తెలుసు? నువ్వూ నన్ను ఆరు నెలలు ఆడించావు కదా. ‘జపానులో ఇలా చూపించారట’ అని కొట్లో అందరికీ ఒట్టేసి చెప్పాను. లాకు ముసలాడు చనిపోయిన వారం నేను నిజంగా ఏడ్చాను. నీకు చెప్పకుండా నేను, నాకు చెప్పకుండా నువ్వు. కోపం నాకూ ఉంది.

కానీ నీ కోపం ముందు అది నిలవదు, నాకు తెలుసు.

మంగళగిరికి ఎందుకు వెళ్ళలేదంటే, శనివారం, ఆదివారం కూర్చుని తిరగరాస్తేనే బుధవారానికి ప్రెస్సుకి అందేది. ఒక ఆదివారం వదిలితే ఒక భాగం పోతుంది. ఇంతలో విభూతి బుధవారం వచ్చింది. తపస్సుకాలంలో పెళ్ళిళ్ళు చెయ్యరు కదా, ఇక ఎవరూ కదలరు, ఈస్టరు అయ్యాక వెళ్తే సరిపోతుందనుకున్నాను. పెళ్ళి చెయ్యరు గాని మాటలు ఆపరని నా బుర్రకి తట్టలేదు. నలభై రోజుల్లో ఎవరో వచ్చి మాట్లాడుకుని, ఈస్టరు కాగానే ప్రకటనలు వేయించారు. వెళ్ళొచ్చానని నీకు రాసింది, ఎలాగూ వెళ్తానుగా, ముందు రాస్తే తప్పేమిటని. మేలో రాసింది మాత్రం అబద్ధమని తెలిసే రాశాను. చెప్తే నువ్వు రాయడం మానేస్తావని భయపడ్డాను. ఓడ తుఫానులో ఉంది. ఇంతకంటే సాకు నా దగ్గర లేదు.

ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేశాను. జపాలేమైనా విధిస్తారనుకున్నాను. “నాకు చెప్పి ఏం లాభం? చెప్పవలసిన వాడికి చెప్పు” అన్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మార్చి నుంచి తిరగరాయడం మానేశాను. నేను రాస్తే నీ మాట చెడుతోంది. కథ ఉన్నంత మేర కత్తెరతో కోసి, కాగితానికి అంటించి ప్రెస్సుకి ఇచ్చేదాన్ని. మిగిలిన ముక్కలు బిస్కట్ల డబ్బాలో పడేశాను. నిన్న ఆ డబ్బా మంచం మీద గుమ్మరించి వరసగా చదివాను. చెయ్యి కాలింది అక్కా. మంగళగిరి వెళ్ళావా అక్కా. శౌరమ్మ మళ్ళీ ఏమైనా అందా అక్కా. నీ రుణం ఎలా తీర్చుకోను. ఒక్కదానికీ నేను సరైన జవాబు రాయలేదు. చాలావాటిని నేను అసలు చదవనే లేదు, కత్తెర పట్టుకుని వెతుకుతూ దాటిపోయాను.

పేరు మార్చమని, ఇది నా తమ్ముడి కథని ఎడిటరుగారికి చెప్పాను. “చివరి వారం పేరు మారిస్తే పాఠకులు ఏమనుకుంటారమ్మా?” అన్నారు. నేను ఊరుకున్నాను. ఊరుకోకూడదు, ఊరుకున్నాను.

నన్ను తిట్టు, కొట్టు, ఉత్తరం మాత్రం మానకు.

అక్క

రాయాలా వద్దా అని అరగంట కూర్చున్నాను. చివరి భాగం ఇంకా ఇవ్వలేదు, నీ ఉత్తరం కోసమని వాళ్ళు రెండు వారాలు ఆపారు. ఆ టీవీలో చివరికి కియో ఏం చేసింది? కెప్టెన్ని ఏమంది? ఒక్క ముక్క రాయి. ఇరవై ఏడో తేదీ బుధవారం లోపల అందితే చాలు.


షిమిజు
18 ఆగస్టు 1975

అక్కా,

కియో ఏం చేసిందని అడిగావు.

కెప్టెన్ని ఏమీ అనలేదు. కొడుతుందనుకున్నాం, ఏడుస్తుందనుకున్నాం. కాగితాలు సొరుగులో సర్దేసి, తన గదికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని మైకు దగ్గరకి లాక్కుంది. అవతల వినే మనిషి లేదని తెలిసే, రోజూ పంపినట్టే ఇంటికి జవాబు పంపింది. సీరియల్ అక్కడితో అయిపోయింది. మా వంటావిడ టీవీ ఆపేసింది.

అచ్చు వేయించుకో. బుధవారానికి అందుతుంది.

ఇక్కడ అంతా క్షేమం. నువ్వు అల్లిన స్వెట్టరు సరిగ్గా సరిపోయింది.

నీ తమ్ముడు,
అంతోని